చెవిన పడేదాకా

అందరూ భోజనాలు చేసి లేచారు. రుక్మిణమ్మ కంచం మాత్రం వంటింటి గోడకి ఆనించింది ఆనించినట్టే ఉంది.

ఆవిడ వీధి అరుగు మీద కూర్చుంది. చాప వేసుకోలేదు. పొద్దున్న రెండోసారి తలస్నానం చేసి, తడిచీర అందరి బట్టలకీ దూరంగా జామకొమ్మ మీద ఆరేసి వచ్చి కూర్చున్న మనిషి ఇంతవరకు లోపలికి రాలేదు. దేవుడి గది వైపు చూడలేదు. కాఫీ వద్దంది. దాహమైతే తనే బావిలో తోడుకుని తాగింది.

ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా ఒకటే. సాయంత్రం మనవరాలు జ్యోతిర్మయి మామిడికుదురు వెళుతోంది, 'ఏటిగట్టు' అనే రాక్ బ్యాండు వాళ్ళ పాటలు వినడానికి. అందుకే ముసలావిడ అలిగిందని అందరూ అనుకున్నారు.

అసలు సంగతి వేరు.

పొద్దున్న ఆవిడ చిన్న ఫోనుకి కాశీ నుంచి శివరామ్ చేశాడు. రుక్మిణమ్మ బావగారి మనవడు.

"నాన్నగారు తెల్లవారుజామున పోయారు మామ్మగారూ. బాబాయిగారికి మీరే చెప్పండి. నాకు నోరు రావడం లేదు."

"చెబుతాను నాయనా," అంది ఆవిడ.

చెప్పలేదు.

జ్ఞాతి పోతే పదిరోజులు మైల. అయితే కబురు చెవిన పడినవాళ్ళకే మైల, పడనివాళ్ళకి లేదు. ఆవిడ నోరు విప్పిన క్షణం నుంచి ఇంటిల్లిపాదీ గడప దాటకూడదు, వేదం నోట పలకకూడదు. విప్పనంతసేపూ ఆ మైల ఆవిడ ఒక్కతెది. ఆ ఒక్కతె వాటా అరుగు మీద కూర్చుని పడుతోంది.

జ్యోతిర్మయి ఆ బ్యాండుని ఫోనులో వినడమే తప్ప ఎదురుగా చూడలేదు. మొదటిసారి బయల్దేరినప్పుడు వరద వచ్చి దారి మునిగింది. రెండోసారి ముక్కామలలో జ్ఞాతుల ఇంట పిల్లాడు పుట్టాడు, పురుడన్నారు. తండ్రి కదలనివ్వలేదు. ఇవాళ తప్పితే ఇంక లేదు. బ్యాండులో డ్రమ్ములు వాయించే షైనీకి బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం వచ్చింది. రేపు వెళ్ళిపోతోంది. ఆ పిల్ల లేకుండా వాయించం అని మిగతా ముగ్గురూ చెప్పేశారు.

ఎవరో పుట్టారని ఒకసారి ఆగింది. ఎవరో పోయారని మళ్ళీ ఆగడం రుక్మిణమ్మకి న్యాయంగా తోచలేదు.

లోపల కొడుకు బాలగంగాధరం గొంతు వినబడుతోంది.

"అమ్మ నోట్లో మెతుకు పడలేదు. నువ్వు జడ వేసుకుంటున్నావు."

జ్యోతిర్మయి దువ్వెన కింద పెట్టింది. "నేనేం చేసేను నాన్నగారూ?"

"నేనూ అదే అడుగుతున్నాను. ఏం చేసేవని ఆవిడ అలా కూర్చుంది?"

"నిన్న మామ్మే చెప్పిందండీ, వెళ్ళిరా అని."

"నిన్న చెప్పింది. ఇవాళ మనసు మారింది. పెద్దవాళ్ళకి మారుతుంది."

ఉపేంద్ర మోటార్ సైకిల్ తాళం కోసం కిటికీ మీద వెతుకుతున్నాడు. చెల్లెల్ని తీసుకెళ్ళేది అతనే. "మామ్మ అలిగితే చెప్పి మరీ అలుగుతుంది నాన్నగారూ. చెప్పకుండా అలగడం మీ అలవాటు," అన్నాడు.

నాగవల్లి ఉన్నట్టుండి వంటింట్లో పని గుర్తొచ్చి వెళ్ళింది. భర్త ముందు నవ్వడం ఆవిడకి అలవాటు లేదు.

"నవ్వులాట కాదు," అన్నాడు బాలగంగాధరం. బళ్ళో తెలుగు చెబుతాడు. తెల్లవారుజామున, సాయంత్రం వేదం వల్లిస్తాడు. "రేపు పొద్దున్న మన పలివెల వేదసభలో ఘనపాఠం చెప్పాలి నేను. రాజమండ్రి నుంచి పెద్దలు వస్తున్నారు. ఇన్నేళ్ళకి పిలిచారు నన్ను. ఇంట్లో తల్లి పస్తు కూర్చుంటే నాకు స్వరం నిలుస్తుందా?"

"మీది సభ. నాది గోల. అంతే కదండీ," అంది జ్యోతిర్మయి.

గొంతు పెంచలేదు. అయినా ఆ మాట ఇంట్లో కాసేపు ఉండిపోయింది.

బాలగంగాధరం అరుగు మీదికి వచ్చాడు. తల్లికి ఎదురుగా నిలబడి పైపంచ సర్దుకున్నాడు.

"అమ్మా, దాన్ని వెళ్ళొద్దంటే భోంచేస్తావా?"

"చెయ్యను."

"వెళ్ళమంటే?"

"అప్పుడూ చెయ్యను. దాన్ని మాత్రం వెళ్ళనీ."

"వింటున్నారా?" అన్నాడు లోపలివాళ్ళతో. "ఆ కోపం చూడండి."

"నాకు కోపం లేదురా."

"లేనివాళ్ళు లేదని చెప్పుకోరమ్మా."

రుక్మిణమ్మ వీధిలోకి చూసింది. కొబ్బరికాయల ట్రాక్టరు ఒకటి వెళుతోంది. అది మలుపు తిరిగేదాకా చూసి, "అలాగే అనుకో," అంది.

అతను లోపలికి వెళ్ళాడు. నాగవల్లి వచ్చింది.

"జ్వరమేమోనండీ అత్తయ్యగారూ. ఏదీ, నుదురు చూడనివ్వండి."

చెయ్యి దగ్గరికి వచ్చేసరికి రుక్మిణమ్మ గోడ దాకా జరిగింది. "తగలకు."

నాగవల్లి చెయ్యి గాలిలో ఆగింది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి అత్తగారు ఆ మాట అనడం ఇదే మొదటిసారి. "నా వల్ల ఏమైనా లోపం జరిగిందాండీ?"

"నీ వల్ల ఏం లేదమ్మా. వెళ్ళి నడుం వాల్చు."

నాగవల్లి వెళ్ళింది గాని నడుం వాల్చలేదు. గిన్నెలు తోమడం వినబడింది. అవి అప్పటికే తోమినవి.

ఆఖరికి జ్యోతిర్మయి వచ్చి గడప మీద కూర్చుంది. జడ సగమే వేసుకుంది.

"నేను వెళ్ళను మామ్మా. లేచి అన్నం తిను."

రుక్మిణమ్మ తలెత్తింది. పొద్దున్నించీ కూర్చున్న కూర్చోవడం అంతా బూడిదలో పోసినట్టే.

"వెళ్ళకపోతే ఇంక నాతో మాట్లాడకు," అంది.

"మాట్లాడనిది నువ్వే కదా."

అరుగు చివర పిల్లి ఒకటి ఒళ్ళు విరుచుకుని దిగి వెళ్ళింది.

"మధ్యాహ్నాలు మనం చెరో చెవిలో పెట్టుకుని వినే పాట ఉందే," అంది రుక్మిణమ్మ. "దూడ పాట."

వరదకి గోదావరి లంక మునిగినప్పుడు ఒకాయన దూడని ఇంటి కప్పు మీద కట్టి, తను కూడా దాని పక్కనే కూర్చుంటాడు. ఆ పాట.

"ఉంది."

"అందులో ఒకచోట అంతా ఆగిపోతుంది. ఆ షైనీ కూడా ఆగుతుంది. ఎంతసేపటికీ కొట్టదు. నాకు ఊపిరాడదు అక్కడ. ఆ కాస్సేపూ ఆ పిల్ల చేతులు ఏం చేస్తాయే? కింద పెట్టేస్తుందా, పైనే ఉంచుతుందా?"

"నాకేం తెలుసు? చూస్తే కదా."

"అదే చెబుతున్నాను. చూసి రా. వచ్చి చెప్పు."

జ్యోతిర్మయి ఆవిడ ముఖంలోకి చూసింది. కోపం కనబడలేదు. ఇంకేదో ఉంది గాని అదేమిటో అందలేదు. మిగతా జడ వేసుకుని, బట్టలు మార్చుకుని, బయల్దేరేముందు కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. రుక్మిణమ్మ పాదాలు చీరలోకి లాక్కుంది.

"వచ్చాక చూద్దాంలే. పొద్దు పోతోంది, వెళ్ళు."

బండి ఎక్కాక కూడా జ్యోతిర్మయికి ఆ లాక్కున్న పాదాలే కనబడ్డాయి.

* * *

మామిడికుదురులో కొబ్బరి వ్యాపారి దొడ్డి అది. కాయలు రాశులు పోసే చోట శుభ్రంగా ఊడ్చి బల్లలు వేశారు. అయినా కొబ్బరి పీచు వాసన పోలేదు. ఒక పక్క వలిచిన కొబ్బరి డొక్కల గుట్ట, దాని మీద పిల్లలు. వచ్చినవాళ్ళు రెండు మూడు వందల మంది ఉంటారు. కాలేజీ కుర్రాళ్ళు ముందు నిలబడ్డారు. వెనక కుర్చీల్లో చర్చికి వచ్చినట్టు తయారై వచ్చిన ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళంతా షైనీ వైపు వాళ్ళు. ఆ పిల్ల డ్రమ్ములు పట్టింది రాజోలు చర్చిలోనే.

ఉపేంద్ర, జ్యోతిర్మయి కుర్చీల వరస పక్కన నిలబడ్డారు. ఎండ చల్లబడింది. బల్లల మీద ఒక కుర్రాడు మైకు తట్టి చూస్తున్నాడు.

జ్యోతిర్మయి ఫోను మోగింది. శివరామ్ అన్నయ్య. ఎప్పుడూ చెయ్యడు.

"అమ్మాయీ, బాబాయిగారు ఫోను ఎత్తడం లేదు," అన్నాడు.

"రేపు సభ ఉంది కదా అన్నయ్యా. వల్లించుకునేటప్పుడు ఫోను బీరువాలో పెట్టేస్తారు. బాగున్నారా అందరూ?"

"మామ్మగారు చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"నాన్నగారు పోయారమ్మా. పొద్దున్నే చెప్పేను మామ్మగారికి. ఇప్పుడే ఘాట్ నుంచి వచ్చేం. అస్థికలు కొంచెం గోదావరిలో కూడా కలపమన్నారు ఆయన. ఆ సంగతి బాబాయిని అడుగుదామని చేసేను."

ఆమెకి ఆ పెదనాన్న పెద్దగా తెలియదు. చిన్నప్పుడు ఒకసారి వచ్చి, కాశీ నుంచి తెచ్చిన రాగి చెంబు ఇచ్చాడు. మీసాలు లేని నవ్వు గుర్తుంది.

"అన్నయ్యా, నువ్వు ధైర్యంగా ఉండు. నాన్నగారితో నేను మాట్లాడిస్తాను. నువ్వు మళ్ళీ చెయ్యక్కర్లేదు."

"సరేనమ్మా. ఎక్కడున్నావు, గోలగా ఉంది?"

"బయట ఉన్నాను."

ఫోను పెట్టేశాక పొద్దున్నించీ జరిగినవన్నీ ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. రెండో స్నానం. జామకొమ్మ మీద చీర. తగలకు అన్న మాట. చీరలోకి లాక్కున్న పాదాలు. ఇంతమంది ఇన్ని మాటలంటే ఒక్కదానికీ జవాబు చెప్పుకోలేదు ఆవిడ.

"ఎవరే?" అన్నాడు ఉపేంద్ర.

"శివరామ్ అన్నయ్య. నాన్నగారితో ఏదో పనిట."

అతనికి చెబితే అతనికీ మైల. చెప్పిన మరుక్షణం బండి ఇంటివైపు తిప్పుతాడు. ఆమె అన్నకి తగలకుండా రెండడుగులు పక్కకి జరిగింది.

జరిగి కుర్చీలో ఉన్న ఒకావిడకి దగ్గరైంది. తెల్లచీర, కళ్ళజోడు. ఆవిడ తలెత్తి నవ్వింది.

"నిలబడ్డావేమ్మా, ఇలా రా, ఇక్కడ ఖాళీ ఉంది. నా పేరు కృపావతి. ఆ డ్రమ్ముల మీద కూర్చోబోయేది మా అమ్మాయే."

"తెలుసండి. షైనీగారు."

"గారెందుకు దానికి. ఎక్కడి నుంచి వచ్చేరు?"

"పలివెల నుంచండి."

"ఆయ్. అక్కడ స్కూల్లో పనిచేసేను నేను. ఎవరమ్మాయివి?"

"బాలగంగాధరంగారమ్మాయినండి."

"మేష్టారమ్మాయివా," అంటూ ఆవిడ సంతోషంగా చెయ్యి పట్టుకోబోయింది.

జ్యోతిర్మయి చెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది.

కృపావతి ముఖం మారలేదు. నవ్వు కూడా అలాగే ఉంది. చాచిన చెయ్యి మాత్రం మెల్లిగా తీసుకుని ఒళ్ళోని సంచీ మీద పెట్టుకుంది. అలా తీసుకోవడం ఆ చేతికి బాగా అలవాటున్నట్టుంది. "ఫరవాలేదమ్మా," అంది. "కూర్చో, కూర్చో."

అది ఆవిడకి ఎలా కనబడిందో జ్యోతిర్మయికి అర్థమైంది. మీరనుకున్నది కాదండీ, మాకు మైల అని చెప్పాలి. చెబితే పక్కనే ఉన్న ఉపేంద్ర చెవిన పడుతుంది.

ఆమె ఖాళీ కుర్చీలో కూర్చుంది. కాసేపు తన చేతిని తనే చూసుకుంది. తర్వాత ఆ చెయ్యి చాపి, సంచీ మీదున్న కృపావతి చేతిని పట్టుకుంది.

కృపావతి ఆమెకేసి చూసింది. చెయ్యి తీసుకోనూ లేదు, తిరిగి పట్టుకోనూ లేదు.

బల్లలెక్కి నలుగురూ వచ్చారు. పాడే శ్యామ్ బాబు గిటారు తగిలించుకుని మైకు దగ్గరికి వచ్చాడు. ఫోనులో వినే గొంతుకి పెద్దమనిషనుకుంది. చూస్తే సన్నగా, నలిగిన చొక్కాలో ఉన్నాడు.

"అందరికీ నమస్కారం అండీ. మేం ఏటిగట్టు అండి. కొంచెం గట్టిగా వాయిస్తామండి, పెద్దవాళ్ళు ఏమీ అనుకోవద్దు."

"అనుకోంలే వాయించండి," అన్నారు డొక్కల గుట్ట మీద నుంచి.

మొదటి దెబ్బ చెవికి వినబడలేదు. కుర్చీకాళ్ళ నుంచి పైకి వచ్చి కడుపులో తగిలింది. జ్యోతిర్మయి ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళూ విన్నది వీళ్ళ నీడ అని తెలిసింది. ఫోనులో సాఫీగా సాగే పాట ఇక్కడ రాసుకుంటూ, తోసుకుంటూ వస్తోంది. శ్యామ్ బాబు ఒకచోట మాట మర్చిపోయి నవ్వేశాడు, ముందున్న కుర్రాళ్ళు అందించారు. రెండో పాటలో గిటారు తీగ తెగింది. తెగిన తీగ ఊగుతుంటే అలాగే వాయించాడు.

మైలలో పాట వినకూడదు. ఆమెకి తెలుసు. లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే అరుగు మీది పస్తు ఎవరి కోసమైనట్టు?

ఆమె లేవలేదు. చప్పట్లు కొట్టలేదు. వెంట పాడలేదు. పెదవులు మాత్రం ఆగలేదు.

షైనీ పొట్టిగా ఉంది. జుట్టు ముడి వేసుకుని, చేతుల మీద చెమట మోచేత్తో తుడుచుకుంటూ వాయిస్తోంది. ఎవరికేసీ చూడదు. దూడ పాట వచ్చింది. నీళ్ళు గడప ఎక్కాయి, కిటికీ ఎక్కాయి, చూరు దాకా వచ్చాయి. అక్కడ అంతా ఆగిపోయింది.

డొక్కల మీది పిల్లలు కూడా మాట్లాడలేదు.

షైనీ చేతులు కింద పెట్టలేదు. రెండు కర్రలూ భుజాలకి పైన, గాలిలో ఉన్నాయి. వణుకుతున్నాయి. ఆ పిల్ల కళ్ళు మూసుకుని పెదవులతో ఏదో లెక్కపెట్టుకుంటోంది.

అప్పుడు కృపావతి చెయ్యి తిరగబడి జ్యోతిర్మయి చేతిని గట్టిగా పట్టుకుంది. "రేపీపాటికి దారిలో ఉంటుందమ్మా," అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

కర్రలు కిందికి వచ్చాయి.

* * *

దీపాలు పెట్టిన చాలాసేపటికి బండి ఇంటి ముందు ఆగింది. దారంతా జ్యోతిర్మయి తన సంచీ అన్నకీ తనకీ మధ్యన పెట్టుకుని కూర్చుంది. ఎందుకే ఇరుగ్గా అని ఒకసారి అడిగి ఊరుకున్నాడు. బండి దొడ్లోకి తోసుకుపోయాడు.

లోపల బాలగంగాధరం వల్లిస్తున్నాడు. వేదంలో ఒక పనస, యాభై మాటల భాగం, పూర్తిచేసి ఇంకోటి ఎత్తుకున్నాడు. గొంతు బాగుంది.

రుక్మిణమ్మ అరుగు మీద అక్కడే ఉంది.

"వచ్చేవా? బాగా వాయించేరా?"

"ఆఁ. చేతులు పైనే ఉంచింది మామ్మా."

"నేననుకున్నాను," అంది ఆవిడ. నీరసంగా ఉన్నా గొంతులో తృప్తి తెలిసింది. తర్వాత చీర సర్దుకుని, "వెళ్ళి మీ నాన్నని పిలువు. అందరూ రండి. ఒక మాట చెప్పాలి," అంది.

జ్యోతిర్మయి వెళ్ళలేదు. ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"తగలకే," అంటూ లాక్కోబోయింది రుక్మిణమ్మ.

"నాకు తగలొచ్చు మామ్మా."

రుక్మిణమ్మ కదలలేదు. మనవరాలి ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఎవరు చెప్పేరు?"

"శివరామ్ అన్నయ్య. మొదలవకముందే."

"అయ్యో. అయితే వినలేదా?"

"విన్నాను."

"తెలిసేనా?"

"తెలిసే."

రుక్మిణమ్మ చెయ్యి అలాగే ఉండనిచ్చింది. పొద్దున్నించీ ఎవరూ తాకని చెయ్యి. చల్లగా ఉంది.

లోపల వల్లెవేత ఆగింది. బాలగంగాధరం కూతురు వచ్చిన అలికిడి విని గుమ్మంలోకి వచ్చాడు. ఏదో అనబోయి ఆగాడు.

తల్లి చెయ్యి కూతురి చేతిలో ఉంది. పగలంతా కోడల్ని కూడా తాకనివ్వని మనిషి. అతని చూపు ఆ చేతుల మీద నుంచి వాకిట్లోకి, అక్కణ్ణుంచి పెరటి వైపుకి వెళ్ళింది. చీకట్లో జామచెట్టు కనబడటం లేదు. అయినా అటే చూశాడు.

శాస్త్రం చదువుకున్నవాడు. అంతకంటే చెప్పక్కర్లేదు.

"బాలా," అంది రుక్మిణమ్మ.

"గొంతు ఆరిపోతోందమ్మా. ఇంకో రెండు పనసలు మిగిలేయి," అన్నాడు అతను. ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

వల్లెవేత మళ్ళీ మొదలైంది.

జ్యోతిర్మయి గొంతు తగ్గించి, "నాన్నగారు అడగలేదు మామ్మా," అంది.

"అడగడు."

"ఎప్పటిదాకా?"

"రేపు సభ అయ్యేదాకా."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో కోపమో, జాలో, చీకట్లో తెలియలేదు. జ్యోతిర్మయికి మధ్యాహ్నం తను తండ్రితో అన్న మాట తగిలింది. ఆయనకీ ఆ పిలుపు ఇన్నేళ్ళకి వచ్చింది.

బీరువాలో ఫోను మోగింది.

నాగవల్లి అడుగుల చప్పుడు, బీరువా తలుపు చప్పుడు వినబడ్డాయి. "ఏవండీ, కాశీ నుంచి మన శివరామ్."

ఫోను మోగుతూనే ఉంది. అరుగు మీద ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

"ఏవండీ, ఎత్తమంటారా?"

లోపల స్వరం ఒక మెట్టు పెరిగింది. పనస ఆగలేదు.